బంక తెలియకుండా బొమ్మను ముట్టొద్దు

గుడి గోడ మీది పాత చిత్రం పెచ్చులూడుతోందంటే మన దగ్గర ముందు వెతికేది నిధులు, ఆ తర్వాత గుత్తేదారు. ఇన్నేళ్లూ రంగును గోడకు పట్టి ఉంచిన బంక ఏమిటన్న ప్రశ్న, తడిదూది తగిలినచోట రంగు ఊడివచ్చాక గానీ గుర్తు రాదు. తోలు జిగురు తడికి ఉబ్బి మెత్తబడుతుంది. తుమ్మబంక ఇట్టే కరుగుతుంది. గుడ్డుసొన ఎండి ముదిరితే నీటికి అంత తేలిగ్గా లొంగదు. ఈ మూడింటినీ ఒకే ద్రావణంతో తుడిచే పనికి పరిరక్షణ అని పేరు పెట్టకూడదు.

అజంతా అనుభవం మనకు దూరం కాదు. అవి హైదరాబాద్ సంస్థానం ఏలుబడిలోని గుహలు. 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి రప్పించిన చిత్ర పరిరక్షకులు చెకోని, ఓర్సీని ఊడుతున్న పెచ్చులను నిలబెట్టారు, అది మెచ్చుకోదగ్గదే. కానీ పైన పూసిన లక్క వార్నిష్ పసుపెక్కి బొమ్మల అసలు రంగులను కప్పేసింది. దాన్ని తొలగించడం తర్వాతి తరాల రసాయనవేత్తల మెడకు చుట్టుకుంది.

బంక ఏమిటో గ్రంథాల్లో ఉందిగా అనేవారున్నారు. ఉంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’ వజ్రలేపం అనే తోలు జిగురు తయారీ చెబుతుంది: గేదె తోలును వెన్నలా మెత్తబడేదాకా ఉడికించి, కడ్డీలుగా చేసి ఎండబెట్టాలి, వాడేటప్పుడు వేడినీటిలో కరిగించాలి. అయితే గ్రంథంలో రాసిందే ఫలానా గోడ మీద పడిందని నమ్మకమేమిటి? వంటల పుస్తకం చూసి నిన్నటి విందులో ఏం వడ్డించారో చెప్పలేం.

గోడనే అడగాలి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో 1650, 1550 తరంగ సంఖ్యల దగ్గర శిఖరాలు కనిపిస్తే ప్రోటీన్ ఉందని అనుమానించవచ్చు, ఏ ప్రోటీనో తెలియదు. పైగా జిప్సం, కాల్షియం ఆక్సలేట్ కూడా 1620 చుట్టుపక్కలే పలికి మొదటి శిఖరాన్ని కప్పేస్తాయి. రెండో మెట్టు అమైనో ఆమ్లాల లెక్క, అంటే ప్రోటీన్ గొలుసులోని పూసల లెక్క. నమూనాను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల వద్ద 24 గంటలుంచి విడగొట్టి, వాటిని వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపుతారు. వాటిలో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తేలితే తోలు లేదా ఎముక జిగురు ఉన్నట్టే. కానీ రాగి పచ్చ, సున్నం ఈ పాళ్లను తారుమారు చేస్తాయి. రెండు జిగుళ్లు కలిస్తే లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

మూడో మెట్టు ప్రోటియోమిక్స్, అంటే ప్రోటీన్‌ను ముక్కలు చేసి ఏదో గుర్తుపట్టడం. ట్రిప్సిన్ ఎంజైమ్‌తో 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచితే, ప్రోటీన్ గొలుసు లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలున్న దాదాపు ప్రతిచోటా తెగుతుంది. ఆ ముక్కల బరువును, వరుసను మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం చదివి పాలా, గుడ్డా, తోలా, ఏ జంతువుది అన్నదాకా వెళుతుంది. ఆవు, గేదె కొల్లాజెన్‌లు (తోలు, ఎముకల్లోని ప్రోటీన్) చాలా దగ్గరివి కనుక ఏ ముక్క ఆధారంగా తేల్చారో నివేదికలో రాసి తీరాలి. పాత ప్రోటీన్‌లో ఆస్పరాజిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాల రూపం మారి, మారిన ప్రతిచోటా ముక్క బరువు దాదాపు ఒక డాల్టన్ (సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) పెరుగుతుంది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పకపోతే ఎన్నో ముక్కలు జారిపోతాయి. తొడుగు లేని చేతి నుంచి చర్మపు ప్రోటీన్ కెరటిన్, బల్ల మీది టీ కప్పు నుంచి పాల ప్రోటీన్ వచ్చి చేరుతాయి. అందుకే నమూనా లేని ఖాళీ గొట్టాన్ని కూడా అదే పద్ధతిలో నడిపించి చూడాలి.

అసలు చిక్కు యంత్రం దగ్గర లేదు. అభిషేకపు పాలు చిందే గోడ మీద పాల ప్రోటీన్ కేసీన్ కనిపిస్తే అది చిత్రకారుడు కలిపిందా, పూజారి పోసిందా? పొరలు కనిపించేలా అడ్డుకోత తీసి, ప్రోటీన్ రంగు పొరలో ఉందా పైన ఉందా అని చూడకుండా తేలదు. శ్రీకాళహస్తి కలంకారీ బట్టలోనూ పాలు దొరుకుతాయి. అక్కడవి బంక కాదు. కరక్కాయతో కలిపి గుడ్డకు పట్టించిన గేదె పాలు, రంగు పాకకుండా ఆపడానికి.

యంత్రం తన జాబితాలో ఉన్నదాన్నే గుర్తిస్తుంది. 19వ శతాబ్దపు డెన్మార్క్ చిత్రాల అడుగుపూతలో ఈస్ట్, బార్లీ ప్రోటీన్లు ఉన్నట్టు 2023లో బయటపడింది. బీరు కాచగా మిగిలిన మడ్డిని కాన్వాసుకు పూశారన్నమాట. గుడ్డు, పాలు, తోలు మాత్రమే వెతికి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు. మన చేర్యాల నకాశీ పటాన్నే తీసుకోండి. గుడ్డకు పట్టించే పూతలో గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, బంకనీళ్లు ఉంటాయి. బంకలో ప్రధానంగా ఉన్నవి చక్కెరల గొలుసులు, వాటి పరీక్ష వేరు. చింతగింజలో మాత్రం ప్రోటీన్ ఉంది. గుడ్డు, పాలు, తోలు జాబితాతో వెతికేవారికి అది కనిపించదు. ‘బంక ఏదీ లేదు’ అని నివేదిక రాసేస్తారు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ప్రోటీన్లను చదివే యంత్రాలున్నాయి. లేనిది మన బంకల జాబితా. రెండు రాష్ట్రాల పురావస్తు, దేవాదాయ శాఖలు రెండు పనులు చేయాలని కోరుతున్నాం. ఒకటి, బంక పరీక్ష నివేదిక లేనిదే తొలి తుడుపుకు అనుమతి ఇవ్వకూడదని టెండర్ పత్రంలోనే రాయాలి. పాత మరమ్మతుల్లో వాడిన జిగుళ్ల పేర్లు, తేదీలు కూడా అందులో ఉండాలి. నిన్న మొన్నటి మరమ్మతులో వాడిన జెలటిన్‌ను (తోలు, ఎముకల నుంచే తీసే శుద్ధి చేసిన జిగురు) 500 ఏళ్ల నాటి తోలు జిగురని పొరబడే ప్రమాదం ఉంది.

రెండోది, నమూనా పలకలు. మట్టిగార, సున్నపుగార, నేతగుడ్డల మీద గేదె తోలు జిగురు, ఆవు తోలు జిగురు, తుమ్మబంక, చింతగింజల ముద్ద విడివిడిగా, రంగు కలిపీ కలపకా పూసి, ఎండకూ వేడికీ ముదరనిచ్చి భద్రపరచాలి. గింజలు ఎన్ని గంటలు నానబెట్టారు, ఎంతసేపు ఉడికించారు, ఎన్ని పూతలు వేశారన్నది పక్కనే రాయాలి. చేర్యాలలో ఈ పాళ్లు చేతికి తెలిసిన కుటుంబాలు కొన్నే మిగిలాయి. తొలి పలక వారి చేతే పూయించాలి, అందుకు కూలీ కట్టివ్వాలి.