తొలి దశకు విలోమ సైన్ ఒక్కటే చాలదు

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల ఫోన్లలో ఒక షార్ట్‌కట్ తెగ తిరుగుతోంది. సరళ హరాత్మక చలనంలో, అంటే మధ్య బిందువుకు అటూ ఇటూ క్రమంగా ఊగే చలనంలో, తొలి దశ (గడియారం మొదలైన క్షణంలో వస్తువు ఊపులో ఎక్కడుందో, ఎటు కదులుతోందో చెప్పే కోణం) కావాలంటే, కాలం సున్నా దగ్గరి స్థానభ్రంశాన్ని కంపన పరిమితితో (మధ్య నుంచి కొసదాకా ఉన్న దూరంతో) భాగించి విలోమ సైన్ తీస్తే చాలని, వేగంతో పనే లేదని దాని సారాంశం. వేగం తెలిస్తే టాన్ సూత్రం నేరుగా తేల్చేస్తుందనీ, తొలి దశ ఆ వస్తువు సొంత లక్షణమనీ కూడా అందులో ఉంది. ఇది బట్టీపట్టిన పిల్లలు వచ్చిన లెక్కలో మార్కులు పోగొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

"విలోమ సైన్ చాలు." ఒక లెక్క చేసి చూద్దాం. సమీకరణం: స్థానభ్రంశం = కంపన పరిమితి × సైన్ (కోణీయ పౌనఃపున్యం × కాలం + తొలి దశ). కంపన పరిమితి 10 సెం.మీ., ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు, అంటే 360°కు పట్టే సమయం) 2 సెకన్లు. గడియారం మొదలైన క్షణంలో వస్తువు ధన దిశలో 5 సెం.మీ. దూరాన ఉండి, మాధ్య స్థానం (ఊపు మధ్య బిందువు) వైపు వస్తోంది. 5ను 10తో భాగిస్తే 0.5. క్యాలిక్యులేటర్ 30° చూపిస్తుంది. కానీ 150° సైన్ విలువ కూడా 0.5 కదా! 30° అనుకుంటే వస్తువు ముందు కొసదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, 5/6 సెకనుకు మాధ్య స్థానం చేరాలి. 150° అయితే 1/6 సెకనుకే చేరుతుంది. లెక్కలో ఉన్న వస్తువు వెనక్కి వస్తోంది కాబట్టి జవాబు 150°.

"వేగంతో పని లేదు." అట్లతద్దినాడు ఊగుతున్న ఉయ్యాలను ఫోటో తీశారనుకోండి. అది సగం ఎత్తున కనిపిస్తుంది. పైకి వెళ్తోందా, కిందికి వస్తోందా? ఫోటో చెప్పలేదు, స్థానభ్రంశమూ అంతే. వేగం విలువ అక్కర్లేకపోయినా దాని గుర్తు తెలిసి తీరాలి. వస్తువు ధన దిశలో కదులుతున్నా, కొసల్లో క్షణం ఆగి ఉన్నా షార్ట్‌కట్ సరైన జవాబే ఇస్తుంది. పిల్లలకు దానిమీద నమ్మకం కుదిరింది అందుకే.

"టాన్ సూత్రం తేల్చేస్తుంది." పై లెక్కలో తొలి వేగం సెకనుకు సుమారు −27.2 సెం.మీ. కోణీయ పౌనఃపున్యాన్ని (2πని ఆవర్తన కాలంతో భాగిస్తే వచ్చేది, ఇక్కడ π) స్థానభ్రంశంతో గుణించి ఈ వేగంతో భాగిస్తే −0.577 వస్తుంది, క్యాలిక్యులేటర్ −30° అంటుంది. దాన్ని సమీకరణంలో పెట్టి చూడండి: వస్తువు −5 సెం.మీ. దగ్గర తేలుతుంది! భాగహారంలో రెండింటి గుర్తులూ కలిసిపోవడమే కారణం. కంప్యూటర్ భాషల్లో రెండు విలువలనూ విడివిడిగా తీసుకునే ఏటాన్2 అనే ప్రమేయం ఉన్నది ఇందుకే.

"వస్తువు సొంత లక్షణం." కాదు. ఇదే చలనాన్ని కొసైన్‌తో రాస్తే తొలి దశ 60°. గడియారాన్ని 1/6 సెకను ఆలస్యంగా మొదలుపెడితే సైన్ రూపంలోనే 180°. ఆవర్తన కాలం మాత్రం 2 సెకన్లే. పుస్తకం వెనక 60° ఉండి మీకు 150° వస్తే కంగారుపడి కొట్టేయకండి. మీరు సైన్‌తో రాశారో కొసైన్‌తో రాశారో, ఏ దిశను ధనంగా తీసుకున్నారో జవాబు పక్కనే రాయండి.