కరెంటు మీటరుకు ముందున్న లెక్క

మా వీధిలో ముప్పై ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్‌ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. కూల్చిన చోట ఇద్దరు కూలీలు స్లాబు ముక్కల్లోంచి ఇనుప చువ్వలు లాగి, రాయి మీద పెట్టి, సుత్తితో కొట్టి తిన్నగా చేస్తున్నారు. ఇనుముకి మళ్లీ గిరాకీ ఉంటుంది. కాంక్రీటు మాత్రం టిప్పర్లెక్కి వెళ్లిపోయింది. రాబోయే టవర్ బ్రోచర్ మీద ‘గ్రీన్ హోమ్స్’ అని ఉంది. సోలార్ ప్యానెళ్లు, ఎల్ఈడీ దీపాలు, ఈవీ చార్జింగ్.

మంచివే. కానీ ఆ ‘గ్రీన్’ లెక్క కరెంటు మీటరు బిగించాకే మొదలవుతుంది. భవనం మొత్తం జీవితానికి కార్బన్ లెక్క, అంటే గాల్లోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో, కట్టాలంటే సున్నపురాయి క్వారీ దగ్గర మొదలుపెట్టి, రవాణా, నిర్మాణం, వాడకం, మరమ్మతుల మీదుగా ఈ టిప్పర్ల దాకా రావాలి.

ఇందులో మొండిది సిమెంటు. సున్నపురాయిని కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారుచేస్తారు; ఆ బట్టీ వేడి 1,450 డిగ్రీలు. బొగ్గు మానేసి ఇంకేది కాల్చినా, కార్బన్ డయాక్సైడ్ రాయిలోనే ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాలిస్తే 440 కిలోలు గాల్లోకి పోతుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్ పెరిగేకొద్దీ వాడకం వాటా తగ్గి, కట్టేటప్పటి ఈ మొదటి వాటాయే పెద్దదిగా కనిపిస్తుంది.

డెన్మార్క్ 2023లో వెయ్యి చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు, 50 ఏళ్ల లెక్కన, చదరపు మీటరుకు ఏడాదికి 12 కిలోల కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టింది. మన దగ్గర 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లకు ఇంధన పొదుపు నియమావళి) తొలి భాగం గోడలు, కిటికీల గుండా వచ్చే వేడిని పట్టించుకుంది. ఏసీ బిల్లుకి అది మేలే. ఆ గోడ కట్టడానికి ఎంత కార్బన్ ఖర్చయిందో అడగలేదు.

పీపీసీ అనే బూడిద సిమెంటులో 35 శాతం దాకా ఫ్లైయాష్, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, కలపడానికి మన ప్రమాణాలే ఒప్పుకుంటాయి, ఆ మేరకు క్లింకర్ ఆదా అవుతుంది. థర్మల్ కేంద్రాలున్న రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో బూడిదకు కొదవా? అయినా మేస్త్రీని కదిపితే, "స్లాబుకి బూడిద సిమెంటెందుకు సార్, బూడిద కలవని 53 గ్రేడ్ తెప్పించండి" అంటాడు. ఆయన్నీ తప్పుపట్టలేం. పీపీసీ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, ఎక్కువ రోజులు నీళ్లు పెట్టాలి, సెంట్రింగ్ ఆలస్యంగా విప్పాలి. అద్దె ఒకపక్క, ఈఎంఐ టెన్షన్ ఒకపక్క ఉన్న ఓనరుకి ఆ నాలుగు రోజులూ బరువే.

నన్నడిగితే, సిమెంటు రకం కంటే ముందు తేలాల్సింది పాత బిల్డింగ్‌ని కూల్చక తప్పదా అన్నది. కూల్చివేత దరఖాస్తులోనే పోతున్న కాంక్రీటు ఎన్ని టన్నులో రాయించాలి. మా వీధి అపార్ట్‌మెంట్‌ని కూల్చింది లిఫ్ట్ లేదని, పార్కింగ్ చాలదని, పైన ఇంకో ఐదంతస్తులు వస్తాయని. నడిమి పిల్లరు పగలగొట్టడానికి బ్రేకర్‌కి రెండు రోజులు పట్టిందట.