ప్రెస్ నోట్ దగ్గరే ఆగిపోతున్న జర్నలిజం చదువు

జర్నలిజంలో చేరానని చెప్పగానే ఇంట్లోవాళ్లూ చుట్టాలూ అడిగేది ఒకటే: ఏ పేపర్లో వస్తుంది ఉద్యోగం? పేపర్లో రావచ్చు, టీవీలో రావచ్చు. కానీ విశాఖపట్నంలో దానికి సూటి జవాబు వేరేలా ఉంటుంది. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్, పరవాడ ఫార్మా కంపెనీలు, కార్పొరేట్ ఆస్పత్రులు, ప్రైవేటు యూనివర్సిటీలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు... వీటన్నిటికీ తమ గురించి నలుగురికీ చెప్పుకొనే మనుషులు కావాలి. డిగ్రీ చేతికొచ్చిన పిల్లల్ని పత్రికలు పిలిచేలోపే ఈ సంస్థల పీఆర్ (ప్రజా సంబంధాల) విభాగాలో, వాటి సోషల్ మీడియా చూసే ఏజెన్సీలో పిలుస్తున్నాయి. కోర్సుల పేర్లలో జర్నలిజం పక్కన మాస్ కమ్యూనికేషన్, పబ్లిక్ రిలేషన్స్, అడ్వర్టయిజింగ్ వచ్చి చేరడానికి కారణం ఇదే.

ఇలా కలిపేయడాన్ని తప్పుపట్టే సీనియర్ పాత్రికేయులు చాలామంది ఉన్నారు. అడిగేవాణ్నీ, దాటవేసేవాణ్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఏం నేర్పుతారని వాళ్ల ప్రశ్న. నేను ఆ వాదనతో ఏకీభవించను. మంచి విలేకరికీ, సంస్థ తరఫున పత్రికలతో మాట్లాడే మంచి పీఆర్‌ఓకూ కావలసిన మూల విద్య ఒకటే. కాగితం పూర్తిగా చదవాలి, చోటికి వెళ్లి చూడాలి, తెలిసిన మనిషిని వెతికి అడగాలి, తెలుసుకున్నది తెలుగులో తేటగా చెప్పాలి. ఇవి వచ్చినవాడు ఏ కుర్చీలో కూర్చున్నా పనికొస్తాడు. బాధ ఎక్కడంటే, మన కాలేజీల్లో చాలా చోట్ల ఈ మూల విద్యే కరువైంది. పీఆర్ సబ్జెక్టులో ప్రెస్ నోట్, అంటే సంస్థ తన గురించి పత్రికలకు పంపే ప్రకటన, రాయడం నేర్పుతారు. రిపోర్టింగ్ సబ్జెక్టులో ఆ ప్రెస్ నోట్‌నే వార్తగా తిరగరాయడం నేర్పుతారు. రెండు చదువులూ ఒకే కాగితం దగ్గర కలుస్తాయి, అక్కడే ఆగిపోతాయి.

ఆ కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. మధ్యాహ్నం రెండు దాటాక వాట్సాప్ గ్రూపులో పడుతుంది. తెలుగులో టైపు చేసిన మేటర్, రెండు ఫొటోలు. ఫొటోలో వెనక ఫ్లెక్సీ, చేతుల్లో బొకేలు, వరసగా నిలబడ్డ ఏడెనిమిది మంది. మొదటి పేరాలో ముఖ్య అతిథి పేరు, హోదా. మూడో పేరాలో ఒక అంకె: ఇన్ని కోట్లు, ఇన్ని ఉద్యోగాలు, ఇంత విస్తీర్ణం. చివరి పేరాలో పాల్గొన్నవారి జాబితా. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన కుర్రాడికి డెస్కులో ఇది చేతికిస్తే అతను చేసేది ఒక వాక్యంలో 'తెలిపారు'ను 'పేర్కొన్నారు' చేయడం, తర్వాతి వాక్యంలో 'వివరించారు' పెట్టడం, హెడ్డింగ్ కొంచెం కుదించడం. మూడో పేరాలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలని అతనికి తట్టదు, ఎందుకంటే రెండేళ్ల కోర్సులో అలా అడిగినందుకు ఎవరూ మార్కులు వేయలేదు. పైగా ఈ తిరగరాత పనిని ఇప్పుడు చాట్‌జీపీటీ అర నిమిషంలో చేసిపెడుతోంది. మనం నేర్పుతున్న నైపుణ్యం ఇదొక్కటే అయితే, పిల్లలు పట్టా తీసుకునేనాటికే అది చెల్లని సరుకు.

ప్రెస్ నోట్ పుట్టుక కథ ప్రతి పీఆర్ పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ రైలు కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ ఆనాటి అలవాటు ప్రకారం విషయాన్ని తొక్కిపెట్టకుండా కంపెనీ పేరుతో ప్రకటన ఇప్పించాడు, విలేకరుల్ని ప్రమాదం జరిగిన చోటికి పంపే ఏర్పాటు చేశాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను మక్కీకి మక్కీ అచ్చువేసింది. పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న. పిల్లలు పేరూ సంవత్సరమూ బట్టీ కొట్టి రాస్తారు. కానీ ఆ కథలో రెండు పాఠాలున్నాయి. ప్రమాద స్థలాన్ని తెరిచి చూపించడం పీఆర్ చేసిన మంచి పని. కంపెనీ చెప్పినదాన్ని చెప్పినట్టే అచ్చువేయడం పత్రిక మొదలుపెట్టిన చెడ్డ అలవాటు. విశాఖలో కూర్చుని ఈ రెండు పాఠాలూ చెప్పాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, గోపాలపట్నం చాలు.

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ద్రవం ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా మోగించలేదని అందులో ఉంది. స్టైరీన్ వేడెక్కితే తనంతట తాను గట్టిపడటం మొదలుపెడుతుంది, ఆ చర్యలో ఇంకా వేడి పుడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగల విలేకరులు ఆ ఉదయం ఎంతమంది ఉన్నారు? 'విష వాయువు' అన్న మాటతో రోజంతా స్క్రోలింగ్ నడిచింది. ఆ ఆవిరి ఏమిటో, ఎటు పరుగెత్తాలో, తడి గుడ్డ కట్టుకోవాలో వద్దో తెలుసుకోవాలని టీవీ పెట్టుకున్న జనానికి దొరికింది మాత్రం రోడ్ల మీద పడిపోయిన మనుషుల దృశ్యాలే.

అంతకన్నా నన్ను కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. ప్రమాదానికి ఏడాది ముందు, 2019 మేలో, విస్తరణకు అనుమతి కోరుతూ కంపెనీయే రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు ఒక అఫిడవిట్ ఇచ్చింది. ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అందులో తానే ఒప్పుకుంది. ఆ కాగితం అందరి కంటా పడింది మరణాల తర్వాతే. విశాఖలో ఎన్ని జర్నలిజం తరగతులున్నాయో, ఎన్ని పత్రికల డెస్కులున్నాయో ఆలోచించండి. ఒక్క బ్యాచ్‌కు 'చుట్టుపక్కల పరిశ్రమల అనుమతుల కాగితాలు చదివి రండి' అని అసైన్‌మెంట్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ప్రాణాలు దక్కేవని అనడం తేలిక మాట అవుతుంది. కానీ ఆ ఊళ్లో ఒక ప్రశ్న ముందే పుట్టి ఉండేది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. 1984 నాటి భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత ఈ దేశంలో చట్టాలు మారాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41-బి సెక్షన్ ప్రకారం ప్రమాదకర పరిశ్రమ తన దగ్గరున్న ముప్పు గురించి కార్మికులకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఇదే విషయాన్ని మరింత వివరంగా చెబుతాయి: ప్రమాదం ఎలాంటిది, జరిగితే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి గేటు బయట బతికేవాళ్లకు ముందుగానే తెలియజేయాలి. ఇంతకన్నా స్వచ్ఛమైన పబ్లిక్ రిలేషన్స్ ఉద్యోగం ఇంకేముంటుంది? పబ్లిక్ అంటే ఫ్లెక్సీ ముందు నిలబడ్డవాళ్లు కాదు కదా, గోడ అవతల నిద్రపోతున్నవాళ్లు. మరి మన పీఆర్ సిలబస్‌లో బ్రాండ్ ఇమేజ్, ఈవెంట్ మేనేజ్‌మెంట్, ఇన్‌ఫ్లుయెన్సర్ మార్కెటింగ్ ఉంటాయి. ఈ నిబంధనల గురించి ఒక్క క్లాసు ఉండాలని నా పట్టుదల. ట్యాంకులో ఏముందో ఊరివాళ్లకు వాళ్ల యాసలో, బెదరగొట్టకుండా, దాచకుండా చెప్పే ఒక పేజీ కరపత్రం రాయగలిగిన విద్యార్థికి నేనైతే నూటికి నూరు వేస్తాను.

ఇది పాత గొడవ అనుకోవద్దు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్. ఊరికి ఇది పెద్ద వార్తే, సంతోషించాల్సిన వార్తే. కానీ మన పేపర్లలో ప్రకటన వచ్చినంత వేగంగా ప్రశ్నలు రాలేదు. అంత కరెంటు ఎక్కడి నుంచి? యంత్రాల్ని చల్లబరచడానికి ఎన్ని నీళ్లు, ఏ రిజర్వాయరు నుంచి? నిర్మాణ కాలపు పనులు పోను, మిగిలే శాశ్వత ఉద్యోగాలెన్ని? విశాఖకు తాగునీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినవాడికి ఈ ప్రశ్న ఎంత బరువైందో అర్థమవుతుంది. ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాలు. రైవాడ నీళ్ల కోసం ఊరికీ రైతులకూ మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న తగవు ఉంది. జర్నలిజం విద్యార్థుల్ని ఒకరోజు మేఘాద్రిగెడ్డ గట్టు మీదికి, ఇంకోరోజు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నీటి సరఫరా విభాగానికి పంపితే చాలు, ఒక సెమిస్టర్‌కు సరిపడా వార్తలు దొరుకుతాయి. అదే క్లాసులో పీఆర్ ఎంచుకున్నవాళ్లు కంపెనీ తరఫున ఆ ప్రశ్నలకు జవాబులు తయారుచేయాలి. జవాబు దొరకని ప్రశ్న ఎదురైతే పై అధికారిని వెళ్లి అడగాలని అప్పుడు తెలుస్తుంది.

వేగం గురించి కూడా ఒక మాట. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు తగలబడ్డాయి. తెల్లారేసరికి ఓ యూట్యూబర్ పేరు ఊరంతా పాకింది. పార్టీ ఇచ్చాడన్నారు, అతనే కారణమన్నారు. కొద్ది రోజులకు పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేసి, ఆర్పకుండా పడేసిన సిగరెట్టు వల్ల నిప్పంటుకుందని చెప్పారు. 'అనుమానితుడు' అన్న మాట వాడినంత మాత్రాన విలేకరి బాధ్యత తీరిపోదని ఈ ఒక్క ఉదంతం చెప్పినట్టు ఏ ఎథిక్స్ నోట్సూ చెప్పదు. ఆ రాత్రి నుంచి అరెస్టుల రోజు దాకా వచ్చిన వార్తలన్నీ వరసపెట్టి, ఎవరు ఎక్కడ ఏ ఆధారంతో ఆ పేరు రాశారో పిల్లలతో గీత గీయించాలి.

ఇక్కడ కాలేజీల్ని మాత్రమే నిలదీస్తే అన్యాయమవుతుంది. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది ఈ విశాఖలోనే. ఊరి వార్తను తెల్లారేలోపు ఊరి గుమ్మానికి చేర్చడం తెలుగు పత్రికలకు ఇక్కడే అలవడింది. 1989 నుంచి జిల్లా పేజీలు వచ్చాక ఊళ్ల వార్తలు పంపే కంట్రిబ్యూటర్ మండలానికొకడు అవసరమయ్యాడు. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు లెక్కగట్టి డబ్బులు, దానికి తోడు యాడ్స్ తెస్తే కమీషన్. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల దగ్గరే పుట్టినరోజు ప్రకటన అడగాల్సిన స్థితిలో కోర్సు చదివి వచ్చిన పిల్ల ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే తెలివైనవాళ్లు పీఆర్‌కు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. డబ్బు తీసుకుని వేసే చెల్లింపు వార్తల మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ (పత్రికల తీరును చూసే చట్టబద్ధ సంస్థ) ఉపసంఘం రాసిన నివేదికను అందరికన్నా ముందు చదవాల్సింది జర్నలిజం విద్యార్థులు. ఆ ఉపసంఘంలో ఉన్న ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి. పూర్తి పాఠాన్ని కౌన్సిల్ మొదట పక్కన పెట్టింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే అది బయటికొచ్చింది. పత్రికల గురించి ప్రెస్ కౌన్సిలే దాచిన కాగితాన్ని సమాచార హక్కు చట్టం బయటికి లాగిందన్నమాట.

ఆ చట్టాన్ని కోర్సులో ఎలా చెబుతున్నారో కూడా చూడండి. 2005, ఇన్ని సెక్షన్లు, ఇన్ని మినహాయింపులు, వ్యాసరూప ప్రశ్న. మన రాష్ట్రంలో దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. జవాబుకు గడువు 30 రోజులు. సెమిస్టర్ మొదట్లో ఒక్కొక్కరితో ఒక్కో దరఖాస్తు పెట్టిస్తే, జవాబు వచ్చినా రాకపోయినా అప్పీలుతో సహా సెమిస్టర్ ముగిసేలోపు అనుభవం చేతికొస్తుంది. సోమవారాలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక పూట కూర్చోవడానికి రుసుము కూడా అక్కర్లేదు. పాస్‌బుక్కు చేతపట్టుకుని నాలుగోసారి వచ్చిన రైతు, పింఛను ఆగిపోయిన ముసలమ్మ, లేఅవుట్‌లో మోసపోయిన రిటైర్డ్ ఉద్యోగి అక్కడే ఉంటారు. శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి వచ్చి విశాఖలో చదువుకునే పిల్లలకు వాళ్ల మాట పట్టుకోవడం రాజధాని నుంచి వచ్చిన విలేకరికన్నా తేలిక. తరగతి గదిలో ఆ యాసను చూసి సిగ్గుపడేలా చేస్తున్నాం, బయట అదే వాళ్ల బలం.

ఇవన్నీ జరగాలంటే రాసింది అచ్చు కావాలి. ల్యాబ్ జర్నల్, అంటే విద్యార్థులే తయారుచేసే శిక్షణ పత్రిక, సిలబస్‌లో ఉంది. చాలా చోట్ల అది పరీక్ష ముందు ఒక సంచికగా తయారై బైండు అయి బీరువాలోకి పోతుంది. అందులో కూడా కాలేజీ వార్షికోత్సవ విశేషాలే ఎక్కువ. నెలకో సంచిక, తెలుగులో, ఊళ్లో నలుగురికి అందేలా రావాలి. అలా వచ్చే పత్రికకు మొదట అడ్డుపడేది పోలీసులో కంపెనీలో కాదు, యాజమాన్యమే. ఎందుకంటే కాలేజీ కూడా ఒక సంస్థే, దానికీ పీఆర్‌ఓ ఉన్నాడు, అది కూడా రోజూ ప్రెస్ నోట్లు పంపుతుంది. కాబట్టి నా ప్రతిపాదన కాలేజీ గేటు లోపలే మొదలవుతుంది. హాస్టల్ మెస్సు కాంట్రాక్టు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, ప్లేస్‌మెంట్ల ప్రకటనలో వేసిన అంకెలు... వీటి మీద ప్రశ్నలు రాసి పంపే హక్కు ల్యాబ్ జర్నల్ విద్యార్థులకు ఉండాలి. వారంలోపు రాతపూర్వకంగా జవాబివ్వాల్సిన బాధ్యత కాలేజీ పీఆర్ విభాగానిది. ఆ జవాబు తయారుచేసే పనిలో అదే క్లాసు పీఆర్ విద్యార్థులు కూర్చోవాలి. వార్త వేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ప్రిన్సిపల్ చేతిలో కాకుండా విద్యార్థి ఎడిటర్, పాఠం చెప్పే అధ్యాపకుడి చేతిలో ఉండాలి. కోర్సులో చేరేముందు ఏ కాలేజీ అయినా బ్రోషర్లో ఈ మాట రాసి ఇస్తుందా అని తల్లిదండ్రులు అడగొచ్చు.