హాలీవుడ్ హీరోగారి ఆత్మకథకు యూసుఫ్‌గూడ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘గ్రీన్‌లైట్స్’ గారి సముఖమునకు,

యూసుఫ్‌గూడ నుంచి తమ పాఠకుడు అనేక నమస్కారాలతో రాయు విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి నాకేం బెంగ లేదు. దేశదేశాల్లో లక్షల కాపీలు అమ్ముడుపోయినవారు క్షేమంగానే ఉంటారు. ఉభయకుశలోపరి.

మీరు మా ఇంటికి మీ అంతట మీరు రాలేదు. మా ఆఫీసులో ఆ ఏడు ఇంక్రిమెంట్లు ఇవ్వలేదు, బదులుగా తలా ఒక పుస్తకం ఇచ్చారు. ‘ఇది సినిమావాళ్ల కబుర్ల పుస్తకం కాదు, ఎలా బతకాలో నేర్పే పుస్తకం’ అని మా మేనేజరు మైకు పట్టుకుని చెప్పాడు. ఎలా బతకాలన్న సందేహం మనిషికి ఇంక్రిమెంటు రాని ఏడాదే వస్తుంది గనుక, వేళకు తగ్గ కానుకే అనుకుని చప్పట్లు కొట్టాం.

మీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. మాథ్యూ మెకానహే అనే టెక్సాస్ నటుడు తన 50 ఏళ్ల జీవితాన్నీ, అందులో 35 ఏళ్లుగా రాసుకున్న డైరీలనూ మూట కట్టుకుని, కరెంటు లేని ఎడారికి పోయి, 52 రోజులు ఒంటరిగా కూర్చుని మిమ్మల్ని మొదలుపెట్టాడు. 2020 అక్టోబరులో మీరు బయటికొచ్చారు. ఆ ఏడాది మేమూ నెలల తరబడి ఇళ్లలో తలుపులేసుకుని కూర్చున్నాం. ఒక్కరికీ ఆత్మకథ తన్నుకురాలేదు. మిమ్మల్ని చూశాక నేనూ నా పాత డైరీలు దించి దుమ్ము దులిపాను. చిట్టీ వాయిదాలు, గ్యాస్ బుక్ చేసిన తేదీలు, పిల్లవాడి టీకాలు. వీటిని పట్టుకుని ఎడారికి పోతే ఎడారే లేచి ఇంకో చోటికి పోతుంది.

అయినా మీరు మొదలైన తీరు నాకు నచ్చింది. వంటింట్లో అమ్మ చేతిలో కత్తి, నాన్న చేతిలో కెచప్ సీసా. పిల్లల కళ్లముందే ఇద్దరూ కొట్టుకుంటారు, కాసేపటికి వాటేసుకుంటారు. వాళ్లు మాట్లాడుకునే పద్ధతే అదని మీరు తేల్చేశారు. ఆ దంపతులు మూడుసార్లు పెళ్లి చేసుకున్నారు, రెండుసార్లు విడాకులు తీసుకున్నారు, అన్నీ ఒకరితో ఒకరే. చదవడానికి భలే ఉంది. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఇదే సీను నడిస్తే ఎదురింటివాళ్లు 100కి ఫోన్ కొడతారు, వాచ్‌మన్ మెట్లెక్కి వస్తాడు, మర్నాడు ఓనరు ఖాళీ చేయమంటాడు. కొడుకు హాలీవుడ్ హీరో అయ్యి అదంతా ప్రేమేనని రాసేదాకా ఓనరు ఆగడు కదండీ.

ఇక తమరి మూల సిద్ధాంతం. జీవితంలో పడే ఎర్రదీపాలు, పసుపుదీపాలు కూడా ఓపిక పడితే ఎప్పుడో ఒకప్పుడు పచ్చదీపాలే అవుతాయని. ఈ సంగతి మాకు మీకంటే గట్టిగా తెలుసు. 2022 మార్చిలో మా ప్రభుత్వం పాత ట్రాఫిక్ చలాన్ల మీద రాయితీ ప్రకటించి, బండివాళ్లు నాలుగో వంతు కడితే చాలంది. 2023 డిసెంబరులో మళ్లీ ప్రకటించి, ఈసారి 20 శాతమే కట్టమంది. చలానా పడ్డ రోజే బుద్ధిగా మొత్తం కట్టినవాడు నాలుక్కరుచుకున్నాడు. పట్టించుకోకుండా తిరిగినవాడికి ఎర్రదీపం నిజంగానే పచ్చబడింది. మీ సిద్ధాంతాన్ని జీవోగా జారీచేసిన ఊరు మాది.

కానీ మీలో ఒక దీపం లేదు. మా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దీపం పచ్చగా వెలుగుతుంటుంది, కానిస్టేబులు మాత్రం చెయ్యి అడ్డంగా చాచి నిలబడి ఉంటాడు. ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ వస్తోందన్నమాట. అది మళ్లీ ఎర్రబడుతుంది, మళ్లీ పచ్చబడుతుంది, మేం కదలం. నా తప్పు లేదు, దీపం తప్పు లేదు, ఓపికకూ లోటు లేదు. పచ్చదీపం కింద ఆగిపోయినవాడు ఏం నేర్చుకోవాలో ఏ పేజీలో ఉందో చెబితే ఆ పేజీ మడిచిపెట్టుకుంటాను.

ఇంతకీ మా మేనేజరు మైకులో ఎక్కువసేపు చెప్పింది కాదనడం గురించి. మెకానహేకు ప్రేమకథా హాస్య చిత్రాల మీద మొహం మొత్తింది. ఇక చెయ్యనని టెక్సాస్‌లో ఇంటిపట్టున కూర్చున్నాడు. ఒక హాస్య చిత్రానికి 50 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. వద్దన్నాడు. పెంచుకుంటూ పోయి కోటీ 45 లక్షల డాలర్లన్నారు, ఇవాళ్టి మారకంలో మన నూరు కోట్లు దాటే సొమ్ము. దానికీ వద్దన్నాడు. దాదాపు 20 నెలలు పని లేదు. ఆ తర్వాత కొత్తరకం వేషాలు వెతుక్కుంటూ వచ్చాయి, ‘డల్లాస్ బయర్స్ క్లబ్’ కోసం ఎముకలు తేలేలా చిక్కిపోయాడు, 2014లో ఆస్కార్ అందుకున్నాడు. ‘చూశారా, కాదనడంలో ఎంత బలముందో!’ అన్నాడు మా మేనేజరు.

మా పక్క సీటాయన చాలా శ్రద్ధగా విన్నాడు. ఆ శనివారమే ఆఫీసుకు రానన్నాడు. ఆయన రేటు 50 లక్షల నుంచి కోటీ 45 లక్షలకు పెరగలేదు. ప్రాజెక్టులోంచి తీసి, పని లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఇంట్లో కూర్చున్న మెకానహేకు స్క్రిప్టులొచ్చాయి, బెంచ్ మీద కూర్చున్న ఈయనకు హెచ్‌ఆర్ నుంచి మెయిలొచ్చింది.

పరిశ్రమలో పనిచేసేవాళ్లకు పనికొస్తుందేమో అనుకుందామంటే, మా గల్లీ దాటితే కృష్ణానగర్. సినిమా తెర మీద జనంగా కనబడే జనమంతా ఉండేది అక్కడే. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, కో-డైరెక్టర్లు, ఆ కో-డైరెక్టర్లను నమ్ముకున్న అసిస్టెంట్లు. చీకటితోనే లేచి యూనిట్ బస్సుల కోసం రోడ్డు మీద నిలబడతారు. 2025 ఆగస్టులో ఈ కార్మికులూ కాదన్నారు. వేతనాలు 30 శాతం పెంచితేనే వస్తామన్నారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. పని ఆపినవాడి ధర ఇక్కడా పెరగాలి కదా, మీ లెక్క ప్రకారం? పరిశ్రమ నష్టాల్లో ఉంది, అంత ఇవ్వలేమన్నారు నిర్మాతలు. చర్చల మీద చర్చలు జరిగి, చివరికి అడిగినదానికంటే తక్కువకు, అదీ దశలవారీగా, రాజీ కుదిరింది. ఒక్కడు వద్దంటే రేటు మూడింతలైంది, వేలమంది వద్దంటే వాయిదాల పద్ధతి వచ్చింది. దీన్ని ఏ రంగు దీపమంటారు?

మీ జాతిని మొత్తంగా తిట్టడం నా ఉద్దేశం కాదు. మా తెలుగులోనూ మీ చుట్టాలున్నారు. గుమ్మడి వెంకటేశ్వరరావు గారు తన ఆత్మకథకు ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ అని పేరు పెట్టి, అట్ట మీదే చేదుకు సగం వాటా రాసిచ్చారు. భానుమతి గారు ‘నాలో నేను’ రాశారు. ఆవిడా కాదన్న మనిషే, అది ఊరంతటికీ తెలిసిన కథ. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’కు మొదట తీసుకున్నది ఆవిడనే, కొంత షూటింగ్ కూడా జరిగింది. సెట్‌కు ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ అడిగారు. భానుమతి చెప్పనన్నారు. ఆ వేషం సావిత్రికి పోయింది, సావిత్రి వేయాల్సిన వేషం జమునకు దక్కింది. భానుమతికి ఏం తరగలేదు. అప్పటికే భర్త రామకృష్ణతో కలిసి నడుపుతున్న భరణీ పిక్చర్స్ ఉంది. నటి, గాయని, దర్శకురాలు, పైగా అత్తగారి కథలు రాసిన చెయ్యి. తల వంచని మనిషి అని ఇవాళ్టికీ ముచ్చటగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను.

ఇప్పుడు సావిత్రి సంగతి చూడండి. మొండితనంలో తీసిపోలేదు. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించింది. నమ్మినదానికి ఉన్నదంతా ఒడ్డింది. చెయ్యి చాచినవాళ్లకు పెట్టింది. మీ అధ్యాయాల పేర్లకు సరిగ్గా సరిపోయే గుణాలు. నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న వెళ్లిపోయింది. ఆత్మకథ రాయలేదు, కాబట్టి ఆ గుణాలేవీ పాఠాలు కాలేదు. ఆమె పేరెత్తితే ఇప్పటికీ ‘జాగ్రత్తపడాల్సింది పాపం’ అనేవాళ్లే.

చిత్తూరు నాగయ్య గారు అంతే. ‘పోతన’, ‘త్యాగయ్య’లతో దేవుడిలా కొలిపించుకున్నారు, సంపాదించింది అడిగినవాడికల్లా పంచారు, చివరికి చిన్నాచితకా వేషాలేసి 1973లో పోయారు. కత్తివీరుడు కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకుని 2009లో ఈ హైదరాబాదులోనే కన్నుమూశారు. సాహసం చెయ్యమని చెప్పే ఏ పుస్తకమూ ఆయన్ను ఉదహరించదు. ఆస్తి మిగిలుంటే నాగయ్య గారి దానం మీద మా ఆఫీసులో ఒక వర్క్‌షాప్ జరిగేది. చివరి పేజీలో బ్యాంకు పుస్తకం ఎలా ఉందో చూసుకుని, దాన్నిబట్టి మొదటి పేజీలో పాఠం రాస్తారని నాకో అనుమానం. ఇందులో మీ తప్పొక్కటే ఉందనను. చివరి పేజీ బాగున్నవాళ్లనే మేమూ కొనుక్కుంటాం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు బేరమాడేటప్పుడు కూడా అంతే.

మీలో ఒక చోట మాత్రం పెన్సిలుతో గీత గీశాను. లా చదవాల్సిన కుర్రాడు భయపడుతూ తండ్రికి ఫోన్ చేసి, సినిమా చదువుకు పోతానంటాడు. పైపుల వ్యాపారం చేసే ఆ తండ్రి కాసేపు మాట్లాడడు. తర్వాత ఒక్క మాటంటాడు: చేస్తే అరకొరగా చెయ్యకు. అక్కడ సిద్ధాంతం లేదు, దీపాలు లేవు. అలాంటివి ఇంకో నాలుగుంటే మీ మిగతా పేజీలన్నీ క్షమించేవాణ్ణి.

ఆ పేజీనే మా మేడ మీద గదిలో ఉండే కుర్రాడికి చదివి వినిపించాను. వరంగల్ దిక్కు నుంచి యాక్టర్ అవుదామని వచ్చాడు. ప్రస్తుతం పెళ్లి సీన్లలో అక్షింతలు వేస్తుంటాడు. ‘మా బాపు గూడ గట్లనే అన్నడన్నా. పోతే పో, సగంల మాత్రం రాకు అన్నడు’ అన్నాడు. ఉషారొచ్చి, కోటీ 45 లక్షల డాలర్లు వద్దన్న కథ కూడా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. ఆస్కార్ దాకా వచ్చేసరికి వాడు అక్కడ లేడు, ఇంకా 20 నెలల దగ్గరే ఆగిపోయాడు.

‘అన్నా, గా ఇరవై నెలలు రూం కిరాయి ఎవలు కట్టిన్రు?’

తమరిని అటూ ఇటూ తిరగేశాను, నాకు దొరకలేదు. తమరికి తెలిసే ఉంటుంది గనుక దయచేసి తిరుగుటపాలో తెలియజేయగలరు. మా ఓనరు కిరాయి వసూలు చేసేది నెల నెలా 5వ తేదీన. ఆలోపు జవాబు అందితే కుర్రాడికి ఉపయోగం.

ఇట్లు,
తమ విధేయుడైన పాఠకుడు,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్