చి.ల.సౌ. సెర్చ్ పెట్టెకు, పుట్టింటి నుంచి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సెర్చ్ పెట్టెకు, బాబాయి దీవించి రాయునది. ఇక్కడ లైబ్రరీలో అందరం క్షేమం. నీ క్షేమం అడగక్కర్లేదు, ప్రకటనల వాళ్లింటి కోడలివి.

నీకు పుట్టిల్లంటూ ఒకటుందని మర్చిపోయినట్టున్నావు. మీ అక్క గూగుల్ మొదలైందే స్టాన్‌ఫర్డ్‌లో, డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టు నీడన. ఎక్కువమంది లింకు ఇచ్చిన పేజీకి విలువెక్కువ అనే లెక్క కూడా మనింటి విద్యే. ఏ పరిశోధన పత్రాన్ని ఎందరు ఉదహరించారో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే సమాచార శాస్త్రవేత్త 1960ల్లోనే సూచికలు వేసి పెట్టాడు.

అక్క ఒకసారి పుట్టింటికి ఘనంగానే వచ్చింది. 2004 డిసెంబరులో మిషిగన్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తమ అలమరలు తెరిచి స్కాన్ చేసుకోమన్నాయి. పట్టుకెళ్లిన పుస్తకాలు తిరిగిచ్చింది, స్కాన్ కాపీలూ ఇచ్చింది (పుస్తకం తిరిగిచ్చే బంధువులు అరుదు, అందుకే చెబుతున్నా). 2005లో రచయితలు వేసిన కాపీరైటు కేసు 2016 దాకా నడిచి చివరికి అక్కే గెలిచింది. అంతా బాగానే ఉంది. కేటలాగు దగ్గరే తేడా కొట్టింది. 2009లో జెఫ్రీ నన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త గూగుల్ బుక్స్ తిరగేసి చూస్తే, 1899లో అచ్చయినట్టు తేదీ పడ్డ పుస్తకాలు కుప్పలు. రచయిత పుట్టకముందే పుస్తకం మార్కెట్లోకి వచ్చేసింది! ఆ తేదీలు సరిచూడటమే ఉద్యోగంగా పెట్టుకున్న మనుషులు అవే లైబ్రరీల్లో కూర్చుని ఉన్నారు.

తెలుగు పుస్తకాల గతి ఇంకా ఘోరం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవాటికి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు ఎక్కించారు. తెలుగులో కొడితే దొరకవు, ఇంగ్లిషులో కొడితే ఏ స్పెల్లింగో దేవుడికెరుక. ఆ తప్పు నీది కాదులే. కానీ నువ్వు మాత్రం తడుముకోకుండా "మీరు వెతుకుతున్నది ఇదేనా?" అని ఇంకేదో చూపిస్తావు. లైబ్రేరియన్‌ కూడా ఆ ప్రశ్నే అడుగుతారు, అడిగి జవాబు కోసం ఆగుతారు. గుండెజబ్బుల పుస్తకం కావాలన్న కుర్రాడి అసలు టెన్షన్ వాళ్ల నాన్న ఆపరేషన్ గురించని రెండు మాటల్లో పట్టేస్తారు. నువ్వు ఆస్పత్రి ప్యాకేజీ రేటు చూపిస్తావు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో లైబ్రరీలకు అయిదు సూత్రాలు చెప్పారు. పాఠకుడి సమయం వృథా చెయ్యొద్దన్న నాలుగోది నీ అంత బాగా ఎవరూ పాటించలేదు, కాదనను. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు దొరకాలన్న మూడోదాన్ని మాత్రం రెండో పేజీలో పాతిపెట్టావు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నాటిది. అక్కడి పాత పత్రికల కోసం రావలసినవాడు నీ మొదటి పేజీలోనే తెల్లారేదాకా తిరుగుతున్నాడు.

అందుకని అడుగుతున్నా. ఎవరైనా పుస్తకం పేరు కొడితే అమ్మే దుకాణాలకంటే ముందు, దగ్గర్లో ఏ లైబ్రరీలో ఉందో చూపించు. అమెరికాలో లైబ్రరీల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్ రికార్డుల్ని మీవాళ్లు ఎప్పుడో చూపించారు, చేతకాదనకు. పేరో సంవత్సరమో తప్పుంటే దిద్దే అధికారం లైబ్రేరియన్లకివ్వు. జీతమిచ్చి దిద్దించుకో తల్లీ, "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అనే బటన్ ఇచ్చి కాదు.

మనవాళ్లనీ వెనకేసుకురాను. చాలాచోట్ల కేటలాగు ఇంకా రిజిస్టర్లోనే ఉంది. ఆన్‌లైన్‌కి ఎక్కినవీ నీ రోబోలు లోపలికి రాలేని ఫారాల వెనక ఘోషా పాటిస్తున్నాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అవి లైబ్రరీ గుమ్మం చేరాయో లేదో వెతకడం నీ వల్ల కూడా కాదు.

వీలు చూసుకుని ఒకసారి రా, కూర్చుని మాట్లాడుకుందాం. శుక్రవారం మాత్రం రాకు, మాకు సెలవు.

ఇట్లు,
మీ బాబాయి,
లైబ్రరీ కార్డు రెన్యువల్ చేయించుకున్నవాడు