ఏ లైబ్రరీ వాడినా తిట్లేనా?

వెబ్‌పేజీలో ఒక ఫారం, రెండు బటన్లు, అంతే పని. దానికి వాడే లైబ్రరీ, అంటే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్, రియాక్టా, వ్యూనా, స్వెల్టా అని బెంగళూరు మారతహళ్లి ఆఫీసులో పొద్దున్నుంచీ పంచాయితీ! "ఉద్యోగాలన్నీ రియాక్ట్‌లోనే బ్రో" అన్నారు కదా అని అందులో దిగితే, స్టేట్‌కి, అంటే పేజీ గుర్తుపెట్టుకోవాల్సిన డేటాకి, రిడక్సా జుస్టాండా అని అక్కడ ఇంకో కొట్లాట. వ్యూ వాళ్లేమో మనం నోరు తెరవకముందే "డాక్యుమెంటేషన్ చదివావా" అంటారు. చదివాం సార్, చదివింది పాత వెర్షన్ వ్యూ 2ది, దానికి 2023 చివర్లో సపోర్టే ఆపేశారు! యాంగులర్ అయితే మరీ ఘోరం, 2016లో పేరు దాదాపు అదే ఉంచి లోపలంతా మార్చేశారు, పాత కోడ్ రాసినవాడు ఏ గంగలో దూకాలి? పోనీ తేదీ చూపించడానికి మొమెంట్ అనే పాత లైబ్రరీ పెడితే "అయ్యో, ఇంకా అదేనా" అని జాలి చూపు. మరి ఏది వాడాలి? నలుగురూ నాలుగు పేర్లు చెప్తారు, చెప్పి మళ్లీ వాళ్లలో వాళ్లే తిట్టుకుంటారు.