డార్త్ వేడర్‌ని భారతం మిట్ట మీద నిలబెడితే

స్టార్ వార్స్ అభిమానుల్లో ఒక రివాజు ఉంది. "నేను చెప్పేది చాలామందికి నచ్చదు గానీ..." అని మొదలుపెడతారు. తీరా చెప్పాక సగం మంది తలూపుతారు. "ప్రీక్వెల్స్ అంత చెత్తేం కాదు" అన్నది ఆ జాబితాలో ఎప్పుడూ ముందుంటుంది. ప్రీక్వెల్స్ అంటే పాత సినిమాల కన్నా ముందు జరిగిన కథతో 1999 నుంచి 2005 దాకా వచ్చిన మూడు సినిమాలు. ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఆ మాట అంటే మీద పడేవాళ్లు. ఇవాళ తిరుపతి బాలాజీ కాలనీలో ఏ టీ అంగడి ముందు అన్నా, అక్కడున్న ఇంజినీరింగ్ పిల్లలు "అది సరేలే, ఇంకేమన్నా చెప్పు" అంటారు.

ఈ పిల్లల వాదనలు వింటుంటే నాకు ఒకటి అనిపిస్తుంది. వీళ్ల అభిప్రాయాలు చాలావరకు సొంతవే. కోపాలు మాత్రం దిగుమతి సరుకు. మా అక్క కొడుకు 2004లో పుట్టాడు. వాడు ఓ రోజు చాలా సీరియస్‌గా "జార్ జార్ బింక్స్ నా చిన్నతనాన్ని నాశనం చేశాడు మామా" అన్నాడు. మొదటి ప్రీక్వెల్‌లోని ఆ కామెడీ పాత్ర తెరమీదికి వచ్చింది 1999లో, వాడు పుట్టడానికి ఐదేళ్ల ముందు. పైగా వాడి చిన్నతనమంతా ఛోటా భీమ్‌తో గడిచింది, దానికి నేనే సాక్షిని. 1977లో పదేళ్ల వయసులో మొదటి సినిమా చూసి, పెద్దయ్యాక ప్రీక్వెల్ కోసం క్యూలో నిలబడి నీరుగారిపోయిన అమెరికన్ అభిమాని బాధ అది. ఆ బాధలో న్యాయముంది. దాన్ని మనం అరువు తెచ్చుకోవడంలో లేదు. ఆ కోపానికి ఒక మనిషి మూల్యం కూడా చెల్లించాడు. జార్ జార్ పాత్ర చేసిన అహ్మద్ బెస్ట్, ఆ తిట్లకు తట్టుకోలేక ఒక దశలో ప్రాణం తీసుకోవాలనుకున్నానని 2018లో బయటపెట్టాడు. 2023లో 'ద మాండలోరియన్' సిరీస్ అతన్ని లైట్‌సేబర్ అనే కాంతి కత్తి పట్టే జెడై వీరుడిగా చూపిస్తే అవే నోళ్లు చప్పట్లు కొట్టాయి.

అసలు మనవాళ్లలో ఎక్కువమంది ఈ కథను చూసిన వరసే వేరు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, డిస్నీ ప్లస్ మన దగ్గరికి హాట్‌స్టార్‌తో కలిసి వచ్చింది. సినిమాలన్నీ ఒకచోట కనబడేసరికి, పద్ధతిగా పెరిగిన పిల్లలు కాబట్టి, ఒకటో భాగం నుంచి, అంటే 1999 సినిమా నుంచి మొదలుపెట్టారు. 1977 సినిమా విడుదలైనప్పుడు దాని మీద నాలుగో భాగమన్న మాటే లేదు. 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చారు. అలా ఒకటి నుంచి చూడటం వల్ల, హీరో ల్యూక్‌తో విలన్ వేడర్ "నేనే నీ తండ్రిని" అన్న 1980 నాటి పిడుగు మన పిల్లల మీద పడలేదు. వాళ్లకు డార్త్ వేడర్ ముసుగు వెనకాల ఎవరున్నారో ముందే తెలుసు. తర్వాత వేడర్‌గా మారబోయే, తల్లి కోసం ఏడ్చిన అనాకిన్ అనే కుర్రాడిని వాళ్లు ముందే చూశారు.

కథ ముగింపు ముందే తెలిస్తే ఇంక చూడటానికేముంది అన్నది ప్రీక్వెల్స్ మీద మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు. ఈ ఫిర్యాదు మన నేల మీద మొలకెత్తదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివర్లో మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. భారతం మిట్ట చుట్టూ కూర్చున్న ముసలామెకు పడక సీను నుంచి తొడ విరగడం దాకా అన్నీ తెలుసు. తెలుసు కాబట్టే కూర్చుంటుంది. ఏం జరుగుతుందన్నది ఆమెకు అక్కర్లేదు, ఈసారి వేషగాడు ఎలా చేస్తాడన్నదే కావాలి.

ఇంకో సంగతి. మొదటి స్టార్ వార్స్ 1977 మే నెలలో వచ్చింది. అదే ఏడాది సంక్రాంతికి మనకు 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. దగ్గర దగ్గర నాలుగు గంటల సినిమా. ఎన్టీఆర్ అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా పెట్టాడు. అక్కడ హాలీవుడ్ నల్ల ముసుగు వేసి, గొంతు మార్చి, ఇతను చెడ్డవాడని తేల్చి చెప్పిన ఏడాదే ఇక్కడ జనం సుయోధనుడి డైలాగులు కంఠస్థం చేశారు. చెడిపోయినవాడి వైపు నుంచి కథ వినడం మనకు కొత్త కాదు. అనాకిన్ చెడిపోయి వేడర్‌గా మారే 'రివెంజ్ ఆఫ్ ద సిత్' మన కుర్రాళ్లకు ఎందుకంత నచ్చుతుందో తెలుసుకోవాలంటే అంత వెనక్కి వెళ్లాలి.

ఇక్కడిదాకా ప్రీక్వెల్ అభిమానులు సంతోషంగానే వింటారు. కానీ అదే భారతం మిట్ట వాళ్ల మీదికి తిరగబడుతుంది కూడా. మన ప్రేక్షకుడు కథ తెలిసినా కూర్చునేది మాట కోసం. పద్యం బాగా పాడితే వన్స్ మోర్ అంటాడు, తేలిపోతే మొహమాటం లేకుండా లేచిపోతాడు. ఆ కొలతతో చూస్తే 2002 సినిమాలో అనాకిన్ ప్రేమ మాటలు ఏం నిలబడతాయి? "ఇసుకంటే నాకు ఇష్టం లేదు, గరుగ్గా ఉంటుంది, చిరాకు పెడుతుంది, ఎక్కడబడితే అక్కడ దూరుతుంది" అంటాడు. స్వర్ణముఖి ఇసుక లారీ వెనక బండి నడిపినవాడెవడైనా ఒప్పుకునే మాటే గానీ, అమ్మాయి పక్కన నిలబడి అనే మాట కాదు. ఇంగ్లిష్ మనకు రెండో భాష. కింద అక్షరాలు చదువుకుంటూ చూస్తాం. అందుకే ఆ డైలాగుల్లోని ఎబ్బెట్టుతనం మన చెవికి సగమే తగులుతుంది. ప్రీక్వెల్స్ మీద మన ప్రేమలో కొంత వాటా ఈ అర చెవుడుదే అని నా అనుమానం.

ముగింపు తెలిసిన కథకు మాట ఎంత బలమిస్తుందో 'ఆండోర్' అనే స్టార్ వార్స్ సిరీస్ చూపించింది. రెండు సీజన్లు, 24 ఎపిసోడ్లు. హీరో చనిపోతాడని, దాని తర్వాతి కథైన 'రోగ్ వన్' సినిమా 2016లో చూసినవాళ్లందరికీ తెలుసు. అయినా మొదటి సీజన్లో లూథెన్ అనే ముసలి విప్లవకారుడు "నేనెప్పటికీ చూడని సూర్యోదయం కోసం నా బతుకు తగలబెడుతున్నా" అన్నప్పుడు వన్స్ మోర్ అనాలనిపిస్తుంది. "లైట్‌సేబర్ లేదు, జెడై లేరు, ఇది స్టార్ వార్స్ కాదు" అని మా వాడి స్నేహితుడొకడు వాదిస్తాడు. వాడి సంగతి వదిలేయండి.

నా వంతు నచ్చని మాట ఒకటుంది. 'ద లాస్ట్ జెడై'లో ల్యూక్ స్కైవాకర్ చేసింది తప్పు కాదు. 2015 సినిమా చివర్లో రే అనే అమ్మాయి ఎంతో భక్తితో లైట్‌సేబర్ చేతికిస్తుంది. 2017లో అతను దాన్ని తీసుకుని భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. అభిమానులు ఇప్పటికీ ఆ విసురు దగ్గరే ఆగిపోయారు. మా ల్యూక్ ఇలా చేయడంటారు. 1983 సినిమా మళ్లీ చూడండి. తన చెల్లెలి మాట వేడర్ ఎత్తగానే ల్యూక్ కోపంతో ఊగిపోయి ఆ తండ్రి చెయ్యి నరుకుతాడు. తెగిన ఆ యంత్రపు చేతిని చూస్తాడు, చేతి తొడుగు కింద తనదీ యంత్రపు చెయ్యే. వెంటనే చక్రవర్తి ఎదుటే కత్తి అవతల పారేస్తాడు. ఒక్క క్షణం ఆవేశం, ఆ వెంటనే సిగ్గు, ఆయుధం వదిలేయడం. నిద్రపోతున్న మేనల్లుడి మీద కత్తి ఎత్తడం, తర్వాత దీవిలో దాక్కోవడం, కత్తి విసిరేయడం, అన్నీ ఆ మనిషి పనులే. మేనమామ అలా చేయడమేంటి అన్నాడు మావాడు. కంసుడి కథ తెలిసినవాడు అడగాల్సిన ప్రశ్న కాదది.

ముసలి వీరుడు ఓడిపోవడం భారతంలో కూడా ఉంది. మౌసల పర్వంలో, కృష్ణుడు పోయాక, అర్జునుడికి గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది. వెంట తీసుకెళుతున్న యాదవ స్త్రీలను దొంగల నుంచి కాపాడలేకపోతాడు. అయితే మన ఊళ్లలో భారతం అక్కడిదాకా వెళ్లదు. దుర్యోధనుడు పడ్డాక గుండం తొక్కి, ధర్మరాజు పట్టాభిషేకంతో మంగళం పాడేస్తారు. 1983 దగ్గరే ఆపేసి ఉండాల్సిందన్న అభిమానిని నేను అందుకే తిట్టలేను. అతనికి కావాల్సింది పట్టాభిషేకం, చేతిలో పెట్టింది మౌసలం.

'ద లాస్ట్ జెడై'లో నిజమైన తప్పు వేరే ఉంది. జూద నగరంలో తిరిగే ఘట్టమంతా తీసేసినా కథకు నష్టం లేదు. అంతకన్నా పెద్ద తప్పు పైవాళ్లది. 2012లో 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి స్టార్ వార్స్ తీసిన కంపెనీని కొన్న డిస్నీ, 2015, 2017, 2019 సినిమాలు మూడింటికీ కలిపి ఒక కథ అనుకోలేదు. మధ్య సినిమా మీద గొడవ చూసి భయపడిందేమో, 1983లో చచ్చిన ఆ చక్రవర్తి పాల్పటీన్‌ని మూడోదాంట్లో లేపింది. ఎలా లేచాడయ్యా అంటే "ఎలాగో తిరిగొచ్చాడు" అని ఒక పాత్ర చేత ఒక్క ముక్కలో చెప్పించింది. మన దుర్యోధనుడూ ఏటా మట్టితో లేస్తాడు గానీ, ఇది కొత్త కథ అని ఎవరూ టికెట్ అమ్మరు. ఇన్ని వింత అభిప్రాయాలున్న ఆ టీ అంగడి గుంపులో 2019 నాటి 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్'ని వెనకేసుకొచ్చేవాడు నాకింకా తగల్లేదు. మా వాడు ఒకసారి ప్రయత్నించాడు గానీ, టీ చల్లారేలోపే తనే మానుకున్నాడు.